అత్త తడిమిన గుర్రం

మా అన్న మనవడి పెళ్లికి విరుదునగరులో కల్యాణ మండపం కుదిరింది, పెళ్లి ఏర్పాట్లు చూసే కంపెనీ వాళ్లు ఊరేగింపు కోసం గుర్రాల ఫోటోలు పంపి ఏది కావాలో ఎంచుకోమన్నారు. చీరల అంగట్లో రంగులు చూపించినట్టు మనవరాలు ఫోను నా ముక్కు దగ్గర పెట్టి వేలితో ఒక్కొక్కటే జరుపుతూ ఉంటే, తెల్లది, నల్లది, మళ్లీ తెల్లది, ఆ తరువాత వచ్చిన గుర్రాన్ని చూసి నా చెయ్యి నాకు తెలియకుండానే ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. ఎండిన సజ్జకంకి రంగు ఒళ్లు, నల్లటి జూలు, నల్లటి తోక, జూలు ముగిసిన చోటి నుండి తోక మొదలు దాకా వెన్ను మీద బొగ్గుతో గీసినట్టు ఒకే గీత. మనవరాలు ఆ బొమ్మను ఫోనుకే చూపించి ఇదేం రంగని అడిగితే అది ‘డన్’ అని ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది, ఆ గీత ఎంత అందంగా ఉందో అని పిల్ల మురిసిపోయింది. చివరికి పెళ్లికొడుకు బట్టలకు నప్పదని దాన్ని వదిలి తెల్లదాన్నే ఖాయం చేశారు. నన్ను ఎవరూ అడగలేదు, అడగవలసిన పనీ లేదు, కానీ ఆ మధ్యాహ్నం కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి లేచాను.

నా ఈడు వాళ్లకు చెప్పుకుంటున్నాను గనుక కొంచెం వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి. మాది కోవిల్‌పట్టి నుండి ఒట్టపిడారం పోయే దారిలో ఒక నల్లరేగడి ఊరు, వాన పడితే అడుగు వేయలేని బురద, ఎండ కాస్తే కాలు ఇరుక్కునే పగుళ్లు, పత్తి, సజ్జ, మిరప తప్ప కంటికి ఇంకేమీ ఆనదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆ తెలుగుకు కూడా మాటే గానీ రాత లేదు. బడిలో చదివినదంతా తమిళమే, నేను తెలుగులో నాలుగు అక్షరాలు రాయడం నేర్చుకున్నది పెళ్లయి రైల్వే ఉద్యోగి భార్యగా గూడూరు వెళ్లాకనే. అక్కడి ఇరుగుపొరుగు నా మాట విని, ఏమ్మా నువ్వు మా ముత్తవ్వలాగా మాట్లాడుతున్నావే అని నవ్వేవాళ్లు, నవ్వి మళ్లీ మాట్లాడించుకునేవాళ్లు.

మా వాళ్లు ఎప్పుడో ఏడేడు తరాల కిందట ఉత్తరం నుండి గుర్రాల మీద వచ్చారని పెద్దలు చెప్పేవాళ్లు. వచ్చినప్పుడు ఉండేవేమో, నాకు ఊహ తెలిసేనాటికి దొడ్లో ఎద్దులే మిగిలాయి. అయినా పెళ్లికొడుకు మాత్రం గుర్రమెక్కే పొలిమేర దాటి ఆడపిల్లవారి ఇంటికి వెళ్లాలి, కరువు ఏడాది అయినా సరే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సణుగుతూనే మా నాయన విరుదునగరు నుండి జట్కా గుర్రాన్ని అద్దెకు తెప్పించేవాడు. ఏ రంగుదైనా ఫరవాలేదు, ముసలిదైనా ఫరవాలేదు, వెన్ను మీద గీత మాత్రం ఉండకూడదు. మా పొలిమేర దేవుడి గుడి ముందు మట్టిగుర్రాలు వరుసగా నిలబడి ఉంటాయి, కుమ్మరి వాటికి ఏ రంగు పూసినా వెన్ను మీద నల్లగీత తప్పకుండా దిద్దుతాడు, ఎండకూ వానకూ మిగతా రంగంతా పెచ్చులూడినా ఆ గీత నిలిచే ఉంటుంది. గీత ఉన్నది సామి గుర్రం. ప్రాణమున్న గుర్రానికి ఆ గీత ఉంటే అదీ సామిదే, దాని మీద మనిషి ఎక్కితే సామి వాణ్ణి తన మనిషి అనుకుని వెతుక్కుంటూ వస్తాడని మా నమ్మకం.

ఈ నమ్మకానికి మా ఇంట్లో ఒక సాక్షి ఉండేది, మా నాయనకు అక్క, మాకు పెద్దత్త. ఆమెను కడంబూరు పక్క ఊరికి ఇచ్చారు. పెళ్లయిన సాయంత్రం మొగుడు గుర్రం మీద ముందు పోతుంటే ఆమె వెనుక గూడుబండిలో కూర్చుని దారి పొడుగునా ఆ గుర్రం వెన్నునే చూస్తూ వెళ్లింది, జీను పక్కకు జరిగినప్పుడల్లా కింద నల్లగా గీత కనపడుతూనే ఉంది. కొత్త పెళ్లికూతురు నోరెత్తి చెప్పేదెట్లా, తల దించుకుని కూర్చుంది. ఆ ఏడు పత్తి తీసే రోజుల్లో మామయ్యను చేలో పాము కరిచింది, ప్రాణం దక్కలేదు. ఏడుపులో గీత సంగతి బయటపెట్టేసరికి, చూసి కూడా చెప్పలేదని అత్తగారు ఈమెనే తిట్టిపోసి, పుట్టింటికి పంపేసింది. అప్పటి నుండి మా ఇంట్లో ఏ పెళ్లయినా గుర్రం రాగానే ముందు పెద్దత్తను పిలిచేవాళ్లు. ఆమె పెరటి వైపు నుండి వచ్చి గుర్రాన్ని చూసి, గీత లేదని చెప్పి, మళ్లీ ఎవరి కంటా పడకుండా వడ్లగదిలోకి వెళ్లిపోవాలి, శుభకార్యానికి ఆమె ఎదురు రాకూడదు గనుక. ఆమె చూడందే పెళ్లి కదలదు, ఆమెను చూస్తే పెళ్లికి అరిష్టం. ఇందులోని అన్యాయం ఆ రోజుల్లో మాలో ఒక్కరికీ తట్టలేదు.

గుర్రాల రంగుల గురించి నాకు తెలిసినదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. కోవిల్‌పట్టి సంతకు పోయినప్పుడు దారిలో ఏ జట్కా కనపడినా నన్ను ఆపి చూపించేది. సజ్జకంకి రంగు ఒంటికి నల్ల జూలూ నల్ల తోకా ఉన్నంత మాత్రాన భయపడకూడదు, అది ఉత్త పసుపువన్నె, దాని వెన్ను శుభ్రంగా ఉంటుంది. గీతవన్నె దానికి అక్కలాంటిది, పక్కపక్కన నిలబెడితే తప్ప తేడా తెలియదు. గీత ఒక్క సజ్జ రంగుకే రాదు, ఇటుక రంగు గుర్రానికి ఎర్రటి గీత ఉంటుంది, ఎలుక రంగు గుర్రానికి కాటుక లాంటి గీత ఉంటుంది, వీటన్నిటిలో ఎలుక రంగుదంటేనే ఆమెకు ఎక్కువ హడలు. గీత మీద అనుమానం వస్తే మోకాళ్ల పైన అడ్డచారలు ఉన్నాయా, భుజాల మీద గాడిదకు ఉన్నట్టు అడ్డగీత ఉందా, జూలు అంచుల్లో వెంట్రుకలు పాలిపోయాయా అని చూడాలి. గుర్రప్పిల్లలకు చిన్నతనంలో మసకగా ఒక గీత కనపడి బొచ్చు రాలగానే పోతుంది, అది లెక్కలోకి రాదు. అద్దెకిచ్చేవాళ్లు నూనె రాసి, రంగు పూసి మాయ చేస్తారని కుంకుడు రసంలో ముంచిన గుడ్డతో వెన్ను తుడిచి, తోక మొదట్లో వెంట్రుకలు పాయతీసి చూసేది.

నేను కోవిల్‌పట్టి బడిలో కొత్తగా టీచరుగా చేరిన ఏడు మా అన్న పెళ్లి కుదిరింది. అప్పటికి పెద్దత్త కళ్లకు పొర కమ్మింది, మనిషి ఆకారం తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. అంతకు ముందు మా చిన్నాయన కొడుకు పెళ్లిలో ఆమె గీత ఉందని గుర్రాన్ని వెనక్కి పంపితే, ఇంకొకటి వచ్చేసరికి ముహూర్తం దాటిపోయి, ఆడపిల్లవాళ్లు నానా మాటలూ అన్నారు. అప్పటి నుండి ఇంట్లో అందరికీ ఆమె అంటే విసుగే. మా అన్నకైతే మరీ, చదువుకున్నవాడు, పైగా ముక్కు మీద కోపం. అన్నను పెంచింది పెద్దత్తే, నేను వెంటవెంటనే పుట్టడంతో అమ్మ ఒడి నాకు వచ్చి అన్న ఆమె ఒడికి చేరాడు. ఎంత పెంచినా పెళ్లిరోజు గుర్రం రాగానే అందరి ముందూ ఒక మాట అనేశాడు.

“ఈ తూరి పెద్దత్త గీత ఉండాదంటే నేను నడిచే పోతాను చూడండి, పెండ్లికి కాదు, రైలుటేసనుకి.”

పెద్దత్త గోడ అవతలే ఉంది, విన్నది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లాను. మిట్ట మధ్యాహ్నం, చలినెల అయినా మా వైపు మధ్యాహ్నం ఎండ ఎండే. వేపచెట్టు నీడలో ఉన్న గుర్రాన్ని ఎండలోకి తెచ్చి నిలబెట్టమని ఆమె జట్కావాడితో తమిళంలో చెప్పింది. లారీలో వచ్చిన గుర్రం, ఎడమ చెవి కొస చినిగి ఉంది, చలికి పెరిగిన బొచ్చు ఒత్తుగా, మట్టి రంగుగా ఉంది. నేను జూలు నుండి తోక దాకా కళ్లు చికిలించి చూశాను. పాయతీసి చూశాను, కాళ్లు చూశాను. గీత లేదు, ఉత్త పసుపువన్నె. నాకు గుండె తేలికపడింది, అదే ఆమెకు చెప్పాను కూడా.

ఆమె మాత్రం ఎండలో గుర్రాన్ని బాగా కాగనిచ్చి, అరచెయ్యి జూలు కింద పెట్టి మెల్లగా వెనక్కి జరిపింది. నల్ల వెంట్రుక పక్క వెంట్రుకల కంటే ముందు వేడెక్కుతుందట, కళ్లు పోయిన తరువాత ఆమె కనిపెట్టిన పద్ధతి అది. నేనూ పక్కనే చెయ్యి పెట్టి చూశాను, నాకు గుర్రం వేడి తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆమె చెయ్యి వెన్ను మధ్య ఒకచోట ఆగింది. అప్పటిదాకా ఈగలకు తోక విసురుతూ, నేల తవ్వుతూ ఉన్న గుర్రం అట్లాగే కదలక నిలబడిపోయింది, దాని చెవులు రెండూ ఆమె వైపు తిరిగాయి. జట్కావాడు కూడా బీడీ తీసి చేతిలో పట్టుకుని ఊరికే చూస్తున్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఎవరినో బతిమాలుతున్నట్టు తల ఊపుతోంది, మాట మాత్రం నాకు వినపడలేదు. చెయ్యి తోక దాకా వెళ్లింది. తరువాత ఆమె అదే అరచేతిని తీసి తన మెడ వెనుక పెట్టుకుని, పైట కింద నుండి వీపు మీదికి అందినంత మేర రాసుకుంది. చెమట తుడుచుకుంటోందనుకున్నాను.

“గీత లేదు. ఎక్కనీండి వాన్ని,” అని గోడ అవతలికి వినపడేటట్టు గట్టిగా చెప్పి, నా చెయ్యి కూడా పట్టుకోకుండా గోడ తడుముకుంటూ వడ్లగదిలోకి వెళ్లిపోయింది.

అన్న గుర్రమెక్కాడు. మేళాలు మోగుతుండగా ఊరేగింపు మట్టిగుర్రాల ముందుకు రాగానే గుర్రం ఆగిపోయింది. జట్కావాడు కళ్లెం లాగాడు, అదిలించాడు, కదలలేదు. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి మా ఇంటి వైపు చూస్తూ నిలబడింది. మేళం వాళ్లు ఒకరి తరువాత ఒకరు వాయించడం మానేశారు, ఆ నిశ్శబ్దంలో చేలల్లో గాలి తప్ప ఇంకేమీ వినపడలేదు, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి గుర్రం దీర్ఘంగా ఊపిరి వదిలి, తల తిప్పుకుని, ఏమీ జరగనట్టు తనంతట తనే నడిచింది. డప్పులకు బెదిరిందిలే అని అన్న నవ్వాడు. పెళ్లి బాగా జరిగింది, వదినె వచ్చింది, రోజులు గడిచాయి, అన్నకు జలుబైనా చేయలేదు.

పెద్దత్తే మారింది. వారం వారం ఆమెకు తలంటి వీపు రుద్దే పని నాది, పెళ్లి తరువాత ఆమె నన్ను స్నానాల గదిలోకి రానివ్వలేదు, నేనే పోసుకుంటాలే అనేది. మంచం మీద వెల్లకిలా పడుకోవడం మానేసింది. వీధిలో గిట్టల చప్పుడైతే మేమింకా వినకముందే లేచి కూర్చునేది, చాలాసార్లు మాకు ఆ తరువాత కూడా ఏ చప్పుడూ వినపడేది కాదు.

వేసవిలో బడి పని మీద విరుదునగరు వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే జట్కాల దగ్గర చెవి చినిగిన గుర్రం నీళ్లు తాగుతూ కనపడింది. బొచ్చంతా రాలిపోయి ఒళ్లు నిగనిగలాడుతోంది, జూలు నుండి తోక దాకా వెన్ను మీద గీత, మోకాళ్ల మీద చారలు, నట్టనడి ఎండలో చూస్తున్నాను గనుక కళ్లు మోసం చేశాయనుకోవడానికి కూడా వీల్లేదు. జట్కావాడు నన్ను గుర్తుపట్టి, చలికాలం బొచ్చులో అది కనపడదమ్మా, ఎండాకాలం వస్తే తేలుతుంది అని తాపీగా చెప్పాడు. వచ్చిన పని వదిలేసి వెనక్కి బస్సెక్కాను. దారి పొడుగునా అన్నకు ఈపాటికి ఏమైందోనని సామికి మొక్కుకుంటూనే ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి అన్న అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

పెద్దత్తను పెరట్లోకి తీసుకెళ్లి అడిగాను. ఆమె దాచలేదు.

“ఉండెనమ్మా. కండ్లు పోయినాయి గానీ చెయ్యి పోలేదే నాకి. చెప్పింటే వాడు ఎక్కకుండా ఉండునా? టేసనుకి పోతాననేది వట్టి మాట, కోపంగా ఎక్కును. కోపంగా ఎక్కినోన్ని సామి ముందే చూసును.” తడిమి నా చెయ్యి పట్టుకుని మళ్లీ చెప్పింది, “నా మొగుడు ఎక్కిననాడు నోరు మూసుకొని పోతిని. ఈ తూరి మూసుకోలేదు. సామితో చెప్పుకొంటిని, వాన్ని ఒదిలిపెట్టు, ఆ గీత నాకియ్యి అని. ఇచ్చినాడు. నువ్వు బయపడద్దు, వానికి మాత్రం చెప్పద్దు.”

ముసలితనం, గుడ్డితనం, ఇన్నేళ్ల దిగులు, అన్నీ కలిసి ఆమెను అట్లా మాట్లాడిస్తున్నాయని నేను నాకు చెప్పుకున్నాను. మళ్లీ చలి మొదలయ్యేలోగా ఆమె పోయింది. జబ్బంటూ ఏమీ లేదు, పట్టపగలు పెరట్లో ఎండకు కూర్చున్నది అట్లాగే ఒరిగిపోయింది. తడిక చాటున అమ్మా నేనూ ఆమెకు చివరి స్నానం చేయించాము. నీళ్లు పోయడానికి పక్కకు తిప్పినప్పుడు ఆమె వీపు చూశాను. మెడ వెనుక నుండి నడుము దాకా, వెన్నెముక వెంబడి, చిటికెన వేలంత వెడల్పున నల్లటి గీత.

మసేమోనని అమ్మ కుంకుడు రసంతో రుద్దింది, ఎర్రబడేదాకా రుద్దింది, అది పోలేదు.  వేలితో తాకి చూశాను, ఒళ్లంతా చల్లబడిపోయిన మనిషికి ఆ గీత ఒక్కటి గోరువెచ్చగా ఉంది. అమ్మ నా చెయ్యి లాగేసి, లోపలికి వెళ్లి గిన్నెడు పసుపు తెచ్చి, మెడ నుండి నడుము దాకా మందంగా మెత్తింది. విధవకు పసుపేమిటని తడిక అవతల నుండి ఎవరో అన్నారు. అమ్మ ఇంకో గుప్పెడు తీసి పూసింది. నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఎగతాళి చేసే మా అమ్మ, ఆ సంగతి చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్లీ ఎత్తలేదు.

నా కోడలు డాక్టరు, ఆమెకు ఒకసారి పేర్లు చెప్పకుండా అడిగితే ముసలివాళ్ల చర్మం మీద అట్లాంటి మచ్చలు మామూలేనని, నులకమంచం ఒత్తుకు కూడా రావచ్చునని చెప్పింది. కావచ్చు, నేను వాదించను. ఎండలో పోయిన మనిషి ఒంట్లో వేడి ఎక్కడో మిగిలి ఉండవచ్చు కూడా. పగలంతా నేను ఆ మాటలే నమ్ముతాను.

ఇప్పటి గుర్రాలు వ్యానులో వస్తాయి, షాంపూ స్నానాలు చేస్తాయి, కాళ్లకు గజ్జెలు, తలకు రంగు ఈకలు. బట్టకు నప్పిందా లేదా అన్నదే పరీక్ష. మా అన్న కూతురు మొగుడు పోయిన మనిషి, రేపు ఈ పెళ్లిలో అందరి కంటే ముందు పట్టుచీర కట్టుకుని హారతి పళ్లెం పట్టుకునేది ఆమే, ఎవరూ ఆమెను వడ్లగదిలోకి పొమ్మనరు. దానికి నాకు ఎంత సంతోషమో చెప్పలేను, ఆ పాత భయాలు మళ్లీ రావాలని నేను కలలో కూడా కోరుకోను. అయితే ఆ భయాలతో పాటు, రాబోయేదాన్ని నాకియ్యి అని అడ్డం నిలబడే మనుషులు కూడా వెళ్లిపోయారేమో అనిపిస్తుంది. అన్నకు ఎనభై దగ్గరపడుతోంది, ఇప్పటికీ ఎవరు చెప్పినా వినకుండా మేడ మెట్లు గబగబా ఎక్కుతాడు, పెళ్లిళ్లు ఆపే గుడ్డి అత్త ఒకావిడ ఉండేదని పిల్లలకు కథలు చెప్పి నవ్విస్తాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను. అతను మెట్లెక్కుతూ ఉంటే చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయిన తెల్లచొక్కా కింద ఏ గీతా లేని ఆ వీపును చూసి, తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంటాను.